దట్టంగా ఉన్న మడి, లోపల ఒక్కటే మొక్క: సముద్ర గడ్డి నాటడంపై ఒక కేస్ స్టడీ

సముద్ర గడ్డిని ఒకచోట నుంచి తీసి ఇంకోచోట నాటేవాళ్లు, ఏ మడి నుంచి తీయాలన్నది సాధారణంగా కంటితో చూసే తేల్చుకుంటారు. పచ్చగా, ఒత్తుగా, ఆకులు పొడవుగా ఉన్న మడి మంచి మడి. పలచగా, మధ్యమధ్యలో ఇసుక కనిపించే మడి పనికిరాని మడి. మాకు వచ్చిన ఈ కేసులో ఆ లెక్క పూర్తిగా తలకిందులైంది. నాటే పని చేస్తున్నవాళ్లకూ, వాళ్లకు డీఎన్‌ఏ పరీక్షలు చేసిపెట్టే నాలాంటివాళ్లకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. మడులు భారత్, శ్రీలంకల మధ్యనున్న పాక్ బేలో తమిళనాడు వైపు ఉన్నాయి. కచ్చితమైన చోటు, బృందం పేరు ఇవ్వడం లేదు.

మా ల్యాబ్ హైదరాబాద్‌లో, ఉప్పల్ వైపు. రోజూ చేసే పని విత్తనాలతో. హైబ్రిడ్ వరి, పత్తి, మొక్కజొన్న లాట్ల నుంచి మొలకలు తీసి, మైక్రోశాటిలైట్ మార్కర్లు (ఒక్కో రకంలో ఒక్కో పొడవుండే డీఎన్‌ఏ ముక్కలు) పెట్టి జన్యు స్వచ్ఛత చూస్తాం. అన్నీ ఒకేలా వస్తే లాట్ పాస్. మధ్యలో వేరే రకం కనపడిందంటే కంపెనీకి టెన్షన్. అలా ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అన్న మాటను శుభవార్తగా చెప్పడం మాకు అలవాటు. ఈ కేసులో అదే మాటను చెడ్డవార్తగా చెప్పాల్సి వచ్చింది.

వచ్చిన ప్రశ్న

బృందాన్ని నడిపే ఆయనది కాకినాడ. పనంతా తమిళనాడు తీరంలో. ట్రాల్ వలలు అడుగు దున్నేసిన చోట్ల గడ్డిని మళ్లీ నిలబెట్టాలన్నది వాళ్ల ప్రయత్నం. పీవీసీ పైపులతో చదరపు చట్రం చేసి, దానికి అడ్డంగా జనపనార తాళ్లు కట్టి, తాళ్లకు వేళ్లతో సహా గడ్డి ముక్కల్ని కట్టి అడుగున దించుతారు. తాడు కుళ్లేలోపు వేళ్లు ఇసుకను పట్టుకోవాలి.

ఫోన్‌లో ఆయన అన్న మాట ఇది: “మేడమ్, ఒడ్డుకు దగ్గర్లో ఒక మడి ఉందండి. చేత్తో పాయ తీసినా అడుగున ఇసుక కనపడదు. దాంట్లోంచే తీద్దామనుకుంటున్నాం. మీరు ఒక్కసారి డీఎన్‌ఏ చూసి సరే అంటే మొదలుపెట్టేస్తాం.”

జాతి సైమోడోసియా సెర్రులాటా. కొన్ని కొత్త జాబితాల్లో ఇది ఓసియానా సెర్రులాటా పేరుతో కనిపిస్తుంది, డేటాబేసుల్లో వెతికేవాళ్లు రెండు పేర్లతోనూ వెతకాలి. పాక్ బేలో విరివిగా దొరికే గడ్డి ఇది. సముద్రపు ఆవులు, అంటే డ్యూగాంగ్‌లు బతికేది ఇలాంటి గడ్డి మీదే. 2022లో తమిళనాడు ప్రభుత్వం తంజావూరు, పుదుక్కోట్టై తీరంలో సుమారు 448 చదరపు కిలోమీటర్లను డ్యూగాంగ్ రిజర్వ్‌గా ప్రకటించింది. అక్కడి గడ్డి పోతే ఆ రిజర్వ్‌కు అర్థం ఉండదు.

ఇక్కడ కొంచెం ఆగి ఈ మొక్క సంగతి చెప్పాలి. ఇది నాచు కాదు. వేరు, కాండం, పువ్వు, గింజ అన్నీ ఉన్న పూల మొక్క. నేల మీద బతికిన మొక్కల వంశాలు కోట్ల ఏళ్ల కిందట, కనీసం మూడుసార్లు, వేర్వేరుగా సముద్రంలోకి తిరిగి వెళ్లాయి. ఇవాళ మిగిలిన జాతులు మొత్తం అరవై, డెబ్బై మధ్యే. 2016లో జోస్టెరా మెరీనా అనే సముద్ర గడ్డి జన్యుక్రమం బయటికొచ్చినప్పుడు ఆ ప్రయాణం ఆనవాళ్లు స్పష్టంగా కనిపించాయి. పత్రరంధ్రాలను తయారుచేసే జన్యువులు పోయాయి. గాలిలో వాసనలుగా వెళ్లే రసాయనాల జన్యువులు చాలావరకు పోయాయి. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడేవీ కొన్ని పోయాయి. వాటికి బదులు ఉప్పునీటిని తట్టుకోవడానికి కణకవచంలో నాచులకు ఉండేలాంటి సల్ఫేట్ చక్కెరలు వచ్చి చేరాయి.

సైమోడోసియాలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి దారప్పోగుల్లా సన్నగా, పొడవుగా ఉండి నీటిలోనే కొట్టుకుపోయి ఆడపువ్వును చేరుతుంది. కాయలు మొక్క మొదట్లో, ఇసుకకు దగ్గరగా కాస్తాయి. అందుకే గింజలు ఎక్కువ దూరం వెళ్లవు. కానీ ఎక్కువగా పెరిగేది గింజతో కాదు, ఇసుక లోపల పాకే కొమ్ముతో. నిజామాబాద్ రైతు పసుపు కొమ్ము ముక్క పాతితే వచ్చేది ఎలా పాత మొక్కేనో, ఇదీ అంతే. ఒక్క గింజ నుంచి మొలిచిన మొక్క ఏళ్ల తరబడి పాకి, కణుపు కణుపుకూ కొత్త పిలకలు వేసి మడంతా నిండిపోవచ్చు. పైనుంచి చూస్తే వేల మొక్కలు. జన్యువుల లెక్కలో ఒక్కటి. ఇలా ఒకే గింజ నుంచి పాకి వచ్చిన పిలకలన్నింటినీ కలిపి క్లోన్ అంటారు.

అందుకే “డీఎన్‌ఏ చూసి సరే అనండి” అన్న ప్రశ్నను మేము మార్చుకున్నాం. ఆ మడిలో ఎన్ని పిలకలున్నాయో కాదు, జన్యువుల లెక్కలో ఎన్ని మొక్కలున్నాయి? పోల్చడానికి ఇంకో మడి ఉందా?

ఇంకో మడి ఉంది. పడవల దారి పక్కన, ఈశాన్య రుతుపవనాల్లో ఇసుక అటూ ఇటూ కదిలే చోట. అక్కడి గడ్డి పలచన. బృందం దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఒత్తుగా ఉన్నదాన్ని ‘ఒడ్డు మడి’ అని, దీన్ని ‘బయటి మడి’ అని పిలుచుకున్నాం.

నమూనాలు ఎలా తీశాం

రెండు మడుల్లోనూ ఒకే తీరులో, ఒకే దూరంలో తీయాలని పట్టుబట్టాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఫలితం మొత్తం దీనిమీదే నిలబడుతుంది. ఒకచోట మీటరుకొకటి, ఇంకోచోట పది మీటర్లకొకటి తీస్తే మొదటిచోట క్లోన్లు ఎక్కువ కనిపించడం ఖాయం. అప్పుడు మడుల్ని కాదు, మన టేపునే పోల్చుకున్నట్టు అవుతుంది. తాడుకు ముడులు వేసి గళ్లు గీసినట్టు పరిచి, ముడి దగ్గర ఒక్కొక్క పిలక తీయమన్నాం. ప్రతి నమూనాకూ అడ్డం, నిలువు కొలతలు రాయించాం. అటవీ శాఖ అనుమతి కాగితాల నకలు నమూనాలతోపాటే వచ్చింది. ఆ కాగితం లేకుండా మేము కవరు తెరవం.

ఆకు కొన తీసుకోకూడదు. దాని మీద నాచు, డయాటమ్‌లు, చిన్న చిన్న గవ్వజీవాలు పేరుకుని ఉంటాయి. వాటి డీఎన్‌ఏ కూడా మన ట్యూబులోకి వచ్చేస్తుంది. ఒర లోపల తెల్లగా, మెత్తగా ఉండే ఆకు మొదలు తీసుకోవాలి. అక్కడ కణాలు కొత్తవి, పైన పట్టిన చెత్త తక్కువ. బ్లేడుతో మెల్లగా గీకి, మంచినీళ్లలో కడిగి, టిష్యూతో అద్ది, సిలికా జెల్ ఉన్న జిప్ కవర్లో వేయాలి. మొదటి పార్సిల్ వానాకాలంలో వచ్చింది. కొన్ని కవర్లలో నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి, అంటే అవి పీల్చుకోగలిగిన తేమ అయిపోయింది. వాటిని పక్కన పెట్టి ఆ ముడుల దగ్గర మళ్లీ తీయించాం. తేమలో నానిన ఆకు నుంచి వచ్చే డీఎన్‌ఏ ముక్కలుముక్కలై ఉంటుంది. దానితో వచ్చిన ఫలితాన్ని నమ్మడం కంటే మళ్లీ అడగడం మేలు.

ల్యాబ్‌లో

వరి ఆకుకు వాడే పద్ధతిని యథాతథంగా దీనికి వాడితే కుదరదు. కణాల నుంచి డీఎన్‌ఏను బయటికి తెచ్చే సీటాబ్ ద్రావణంలో 65 డిగ్రీల దగ్గర ఉంచి, క్లోరోఫామ్‌తో కలిపి తిప్పాక, పైన తేరిన నీళ్లు మామూలుగా పలచగా ఉండాలి. ఇక్కడ గంజిలా వచ్చింది. మా టెక్నీషియన్ కుర్రాడు, నల్గొండ అబ్బాయి, పిపెట్ ఎత్తి చూపించి, “మేడమ్, టిప్పును వదుల్తలేదు, సాగుతాంది” అన్నాడు. అది సముద్రంలోకి వెళ్లాక మొక్క సంపాదించుకున్న జిగురు చక్కెరల బాపతు. ఉప్పునీటిలో మొక్కను కాపాడే ఆ గుణమే పీసీఆర్‌లో, అంటే డీఎన్‌ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే చర్యలో, ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది.

మేము చేసిన మార్పులు మూడు. ద్రావణంలో పీవీపీ వేశాం, గోధుమరంగుకు కారణమైన ఫినాల్స్‌ను అది పట్టుకుంటుంది. డీఎన్‌ఏను కిందికి దింపేటప్పుడు ఉప్పు గాఢత పెంచాం, చక్కెరలు చాలావరకు పైనే మిగిలిపోయాయి. చివరికి వచ్చిన డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి పీసీఆర్‌కు పెట్టాం. డీఎన్‌ఏ శుభ్రతను కాంతితో కొలిచి చెప్పే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర చక్కగా ఉన్నా, 260/230 తక్కువగా ఉంటే ఆ నమూనాను నమ్మొద్దు. మొదటిది ప్రోటీన్ సంగతి చెబుతుంది, మనల్ని ఏడిపించే చక్కెరల సంగతి చెప్పేది రెండోదే.

మార్కర్లుగా ఈ జాతికి ముందే ప్రచురితమైన మైక్రోశాటిలైట్లను తీసుకున్నాం. కొన్ని ప్రైమర్లు (మార్కర్‌ను పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మా నమూనాల్లో ఒకే సైజు ముక్క ఇచ్చాయి. తేడా చూపించని మార్కర్‌తో మనకు పని లేదు కనుక తీసేశాం. మిగిలినవాటిని కేపిలరీ సీక్వెన్సర్ మీద నడిపి సైజులు చదివాం.

బయటి మడి నమూనాల్లో కొన్ని మొండికేశాయి. కొన్ని మార్కర్లు పలకలేదు, పలికినవి ఎక్కడా లేని సైజులిచ్చాయి. డీఎన్‌ఏ చెడిపోయిందేమో అనుకునేలా ఉన్నాయి, కానీ శుభ్రత కొలతలు బాగున్నాయి. జాతిని గుర్తుపట్టడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్కను వాటిలో సీక్వెన్స్ చేసి చూస్తే అవి సెర్రులాటా కాదు, సైమోడోసియా రొటండాటా. రెండూ పక్కపక్కనే పెరుగుతాయి. సెర్రులాటా ఆకు కొనకు రంపపు పళ్లుంటాయి, రొటండాటా కొన నున్నగా గుండ్రంగా ఉంటుంది. కొనను ఏ చేపో కొరికేస్తే ఆ గుర్తు పోయినట్టే. అప్పుడు ఒరను చూడాలి, సెర్రులాటా ఒర త్రికోణంలా కిందికి సన్నబడుతుంది. ఆ నమూనాల్ని లెక్క నుంచి తీసేశాం. తీయకుండా ఉంటే బయటి మడిలో వైవిధ్యం లేనిపోనంత ఎక్కువగా కనిపించేది.

ఒకేలా ఉంటే ఒకటేనా?

క్లోన్లను లెక్కపెట్టడంలో అసలు కష్టం ఇక్కడుంది. రెండు నమూనాలు అన్ని మార్కర్ల దగ్గరా ఒకేలా వస్తే అవి ఒకే మొక్క అనాలా? మార్కర్లు తక్కువై, అల్లీళ్లు (ఒక మార్కర్‌కు ఉండే వేర్వేరు రూపాలు) అన్ని మొక్కల్లోనూ ఉండేవే అయితే, రెండు వేర్వేరు గింజల మొక్కలు కూడా ఒకేలా కనిపించొచ్చు. అందుకే ఆ జన్యురూపం, అంటే అన్ని మార్కర్ల దగ్గరి అల్లీళ్ల కలయిక, గింజల ద్వారా రెండోసారి యాదృచ్ఛికంగా పుట్టే అవకాశం ఎంతో లెక్కకడతాం. అది చాలా తక్కువని తేలాకే ‘ఒకే మొక్క’ అని రాస్తాం.

దీనికి రెండో వైపూ ఉంది. ఒడ్డు మడిలో కొన్ని నమూనాలు పక్కవాటితో అన్నింటిలో కలిసి, ఒక్క అల్లీల్ దగ్గర మాత్రం విడిపోయాయి. వీటిని వేర్వేరు మొక్కలుగా రాసేస్తే మడి వైవిధ్యం ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ నమూనాలన్నింటికీ ఆకు నుంచి మళ్లీ డీఎన్‌ఏ తీసి, మళ్లీ నడిపాం. చాలావాటిలో తేడా మాయమైంది, అది మెషిన్ చదవడంలో వచ్చిన తేడా. కొన్నింటిలో నిలిచింది.

నిలిచినవి కొత్త మొక్కలు కావు. క్లోన్ పాకుతూ పోయేటప్పుడు శరీర కణాల్లోనే వచ్చే ఉత్పరివర్తనాలు కొత్త పిలకల్లోకి చేరతాయి. గింజ ప్రమేయం లేకుండానే క్లోన్ లోపల పరిణామం నడుస్తుందన్నమాట. 2020లో జోస్టెరా మీద జరిగిన పనిలో ఇది పూర్తి జన్యుక్రమాలతో రుజువైంది. 2024లో అదే మార్పులను గడియారంలా వాడి క్లోన్ల వయసు కట్టారు. బాల్టిక్ సముద్రంలో ఒక క్లోన్ 1,400 ఏళ్లది అని తేలింది. మా దగ్గరున్న కొద్దిపాటి మార్కర్లతో వయసు చెప్పలేం, చెప్పకూడదు కూడా. ఆ నమూనాల్ని ఒకే వంశంగా కలిపి రాశాం.

ఇంకొక్క జాగ్రత్త. వైవిధ్యం, మడుల మధ్య తేడా వంటి లెక్కలు కట్టే ముందు ప్రతి క్లోన్ నుంచి ఒక్క నమూనానే ఉంచి మిగిలినవి తీసేయాలి. లేదంటే ఒకే మొక్కను పదిసార్లు లెక్కపెట్టి, ఆ మొక్క అల్లీళ్లే మడి అల్లీళ్లు అనుకుంటాం. విత్తన పరీక్షలు చేసేవాళ్లకు ఈ మెట్టు అలవాటుండదు. అందుకే నొక్కి చెబుతున్నాను.

ఏం తేలింది

క్లోన్ సమృద్ధిని కొలవడానికి అందరూ వాడే సూత్రం సులువైనది. వేర్వేరు మొక్కల సంఖ్యలోంచి ఒకటి తీసి, నమూనాల సంఖ్యలోంచి ఒకటి తీసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఉదాహరణకు 40 నమూనాల్లో 14 వేర్వేరు మొక్కలుంటే 13ను 39తో భాగిస్తే 0.33. అన్నీ ఒకటే మొక్క అయితే సున్నా, ఏ రెండూ కలవకపోతే ఒకటి.

ఒడ్డు మడి సున్నాకు దగ్గరగా వచ్చింది. నాలుగింట మూడొంతులకు పైగా నమూనాలు ఒకే జన్యురూపం, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా. మిగిలిన కొద్ది మొక్కలు చివర్లలో నక్కి ఉన్నాయి. బయటి మడిలో దాదాపు ప్రతి రెండో నమూనా ఒక కొత్త మొక్క. ఒడ్డు మడిలో ఎక్కడా లేని అల్లీళ్లు అక్కడున్నాయి.

ఇలా ఎందుకు? అలల తాకిడి తక్కువున్న చోట, ఖాళీ దొరకని చోట, బలమైన ఒక క్లోన్ మెల్లగా మిగతావాటిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. గింజ రాలినా మొలవడానికి జాగా ఉండదు. ఇసుక కదిలి ఖాళీలు పడే చోట గింజలకు చోటు దొరుకుతుంది. మితంగా ఉన్నంతవరకు ఆ అలజడి మేలే చేస్తుంది. ట్రాల్ వల దున్నితే గింజల నిల్వతో సహా పోతుంది, అది వేరే కథ.

ఆయనకు ఫోన్ చేసి చెప్పాను: “ఒడ్డు మడి మొత్తం దాదాపు ఒకే మొక్కండీ. అది మగదైతే మీరు నాటేదంతా మగదే. ఆడదైతే అంతా ఆడదే. రెండింట్లో ఏదైనా గింజ పడదు.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మంచిది: “గింజ పడకపోతే ఏమవుతుందండీ? పాకి పెరుగుతుంది కదా?”

పెరుగుతుంది. అది అబద్ధం కాదు. ఆస్ట్రేలియాలో షార్క్ బేలోని పొసిడోనియా ఆస్ట్రాలిస్ గురించి 2022లో వచ్చిన పరిశోధనే సాక్ష్యం. పది మడుల నుంచి నమూనాలు తీసి, 18,000 మార్కర్లతో చూస్తే 180 కిలోమీటర్ల పొడవునా ఉన్నది ఒకే మొక్క అని తేలింది. వయసు కనీసం 4,500 ఏళ్లు. కానీ అది మామూలు మొక్క కాదు. దాని బంధువులకు 20 క్రోమోజోములుంటే దానికి 40. రెండు పూర్తి జన్యు సంపుటాలు కలిసిన బహుస్థితిక మొక్క. వైవిధ్యాన్ని తనలోనే మోసుకు తిరుగుతోంది. ఒడ్డు మడి క్లోన్‌కు అలాంటి బలం ఉందని చెప్పే ఆధారం మా డేటాలో లేదు. మామూలు మొక్కలో లాగే ఏ మార్కర్ దగ్గరా రెండు అల్లీళ్లకు మించి కనిపించలేదు.

మరోవైపు, వైవిధ్యం ఉంటే ఏమొస్తుందో సముద్రంలో నాటి చూసినవాళ్లున్నారు. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, కాలిఫోర్నియాలోని బొడెగా బేలో శాస్త్రవేత్తలు హ్యూస్, స్టాకోవిచ్ ఒకే జన్యురూపం ఉన్న మడులను, ఎనిమిది దాకా కలిసిన మడులను పక్కపక్కనే పెట్టారు. పెద్దబాతులు వచ్చి మేసి వెళ్లాక, ఎక్కువ రకాలున్న మడులు ఎక్కువ పిలకలు నిలుపుకుని త్వరగా కోలుకున్నాయి. 2003లో యూరప్‌ను వేడి అతలాకుతలం చేసిన వేసవిలో రాయిష్ బృందం బాల్టిక్‌లో ఇలాంటి ప్రయోగమే చేసింది. 2005లో వచ్చిన ఫలితం కూడా అటే మొగ్గింది. రకాలు కలిసిన మడులే ఎక్కువ గడ్డిని నిలుపుకున్నాయి. వేడి మనకూ దూరపు సంగతి కాదు. మన ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇప్పుడు సముద్రపు వడగాడ్పుల మీద కూడా సమాచారం ఇస్తోంది. ఒక క్లోన్‌కు ఆ వేడి పడకపోతే ఆ మడి మొత్తానికి పడనట్టే.

మేమిచ్చిన సలహా

ఒడ్డు మడిని పూర్తిగా వదిలేయమనలేదు. అది అంతకాలం అక్కడ నిలిచిందంటే అందులో ఏదో సత్తా ఉంది. దాని వాటా తగ్గించి, ఎక్కువ భాగం బయటి మడి నుంచి, మూడో మడి దొరికితే అక్కడి నుంచి కూడా తీయమన్నాం. ఒకేచోట గంపగుత్తగా పెకలించకుండా, మా డేటాలో ఒకే క్లోన్ మళ్లీ కనపడని దూరం చూసి, ఆ ఎడంలో కొంచెం కొంచెం తీయాలి. బయటి మడి పలచన కాబట్టి ఇది ఇంకా ముఖ్యం, ఇచ్చే మడి దెబ్బతినకూడదు. ఒక్కో చట్రానికి వేర్వేరు చోట్ల నుంచి తీసిన ముక్కల్ని కలిపి కట్టాలి, ఆడా మగా దగ్గర దగ్గరగా పడే అవకాశం అప్పుడే ఉంటుంది.

మన్నార్ అఖాతం నుంచి కొంత గడ్డి తెచ్చి కలిపితే వైవిధ్యం ఇంకా పెరుగుతుంది కదా అని బృందంలో ఒకమ్మాయి అడిగింది. వద్దన్నాను. రామసేతువుకు అటూ ఇటూ నీళ్ల తీరు వేరు, లోతు వేరు. ఏ నీటికి అలవాటుపడిన మొక్క ఆ నీటిలోనే బాగుంటుందన్న అనుమానం ఉన్నప్పుడు దూరం నుంచి తేవడం జూదం. పైగా అక్కడి దీవులు 1986 నుంచి మెరైన్ నేషనల్ పార్క్, అనుమతి తేలిగ్గా రాదు, రాకూడదు కూడా. ముందు ఈ బేలోనే ఉన్న వైవిధ్యాన్ని వాడుకోవాలి.

గింజలతో చేయొచ్చా అన్నదీ చర్చకొచ్చింది. అమెరికాలో వర్జీనియా తీరంలో 1999 నుంచి జోస్టెరా గింజలు ఏడు కోట్లకు పైగా చల్లి, 3,600 హెక్టార్ల దాకా గడ్డిని తిరిగి తెచ్చారు. గింజలతో మొదలైంది కాబట్టి అక్కడ జన్యు వైవిధ్యం కూడా బాగా నిలిచింది. కానీ జోస్టెరా గింజల్ని కోతకోసి సేకరించవచ్చు. సెర్రులాటా కాయలు ఇసుకలో వెతుక్కోవాలి. ఇప్పటికి కొమ్ములే దిక్కు.

బృందం ఒప్పుకుంది. పని కొంత ఆలస్యమైంది, డబ్బులిచ్చే సంస్థకు అదనంగా ఒక లేఖ రాయాల్సి వచ్చింది. మూడో మడి నమూనాలు మా దగ్గరికి వచ్చాయి, రొటండాటా కలిసిందేమో ముందే చూడటానికి ఈసారి ఐటీఎస్ పరీక్షను మొదటి మెట్టుగా పెట్టాం. నాటిన చట్రాలకు నంబర్లు వేశారు, ఏ చట్రంలో ఏ చోటు ముక్కలున్నాయో పట్టిక మా దగ్గర కూడా ఉంది. ఈశాన్య రుతుపవనాలు తగ్గాక, ఒక్కో చట్రం నుంచి కొన్ని ఆకులు తీసి అవే మార్కర్లతో మళ్లీ చూస్తాం. ఏ క్లోన్ నిలిచింది, ఏది పోయింది అన్నది అప్పుడు లెక్క తేలుతుంది. పువ్వు కనిపించిన ప్రతి పిలకనూ ఆడా మగా రాసి పంపమని చెప్పాం, ఎందుకంటే మా మార్కర్లు ఆ సంగతి చెప్పవు.